ఎల్సిరా వేరు, ఎల్సిరా బేకరీ వేరు

కోర్టు అమీనా వచ్చేసరికి ఎల్సిరా రెండో వాయి ఓవెన్‌లో పెట్టి ఐదు నిమిషాలైంది. తలుపు తీస్తే రొట్టె అణిగిపోతుందని, ఇంకో పదమూడు నిమిషాలు పడుతుందని ఆవిడ చెప్పింది. అతను గోడవారనున్న బల్ల మీద కూర్చుని, తోలు సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆ పదమూడు నిమిషాలూ ఆగాడు. ఈలోగా ముగ్గురు వచ్చి రొట్టె కొనుక్కుపోయారు. అతను కూడా రొట్టె కోసమే కూర్చున్నాడనుకున్నారు.

అది మార్చి నెల, మంగళవారం, పొద్దున పదిన్నర. తొమే ఊళ్ళో కొండవాలు వీధిలో, అద్దె ఇంటి ముందుగదిలో ఉంది ఎల్సిరా బేకరీ. అమీనా చేతిలో బ్యాంకు వేసిన దావా తాలూకు జప్తు ఉత్తర్వు ఉంది. ఎల్సిరా ఒనాతే, వయసు యాభై ఎనిమిది, తన సొంత క్రెడిట్ కార్డు మీద బాకీ పడిన మొత్తం అరవై ఒక్క లక్షల ఇరవై వేల పెసోలు. అందులో బేకరీ పేరు ఎక్కడా లేదు.

ట్రేలు బయటికి వచ్చాక అతను లేచి నిలబడ్డాడు. పన్నెండు ట్రేల గ్యాస్ ఓవెన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక పలక మీద ఉన్న నంబరు రాసుకున్నాడు.

“ఇది ఎవరిదండీ?” అని అడిగాడు.

“బేకరీది.”

“బేకరీ ఎవరిది?”

“నాదే. కాని నేను వేరు, బేకరీ వేరు.”

ఈ మాట అతను చాలా ఇళ్ళల్లో విన్నాడు. కాగితం ఉంటే చూపించమన్నాడు. ఎల్సిరా అట్ట ఫైలు తెచ్చింది. పిండి కలిపే యంత్రానికి బేకరీ పేరు మీద బిల్లు ఉంది. తూకం మిషనుకుంది. గాజు అలమరాకీ, ట్రేలకీ, ఆఖరికి గోడ గడియారానికీ ఉంది. అతను ఒక్కొక్కటే చదివి పక్కన పెడుతూ వచ్చాడు. ఓవెన్ కాగితం దగ్గర ఆగాడు. అది బిల్లు కాదు, మామూలు రసీదు. దాని మీద ఎల్సిరా ఒనాతే అనీ, ఆవిడ గుర్తింపు నంబరూ ఉన్నాయి.

అతను ఓవెన్ ఒక్కటే జాబితాలో రాశాడు. తీసుకుపోయే రోజు దాకా దాన్ని జాగ్రత్తగా చూసుకునే బాధ్యత మీదేనని చెప్పి ఆవిడ చేత సంతకం పెట్టించాడు. వెళ్తూ వెళ్తూ అరకిలో రొట్టె అడిగాడు. ఎల్సిరా తూచి, డబ్బు తీసుకుని, రసీదు చింపి ఇచ్చింది. అతను ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. బేకరీ పేరు, నంబరు, తేదీ, అరకిలో, పదకొండు వందల పెసోలు.

“ఈ రొట్టెకున్నంత కాగితం ఆ ఓవెన్‌కి ఉండుంటే, నేను ఈపాటికి వెళ్ళిపోయుండేవాణ్ణమ్మా,” అన్నాడు.

అతని గొంతులో వెటకారం లేదని నయాదెత్ తర్వాత చెప్పింది. బేకరీలో జీతానికున్న మనిషి నయాదెత్. నలభై ఏళ్ళావిడ. ఆ మాట అన్నప్పుడు కౌంటర్ తుడుస్తూ పక్కనే ఉంది.

ఎల్సిరా పంతొమ్మిదేళ్ళు ఊళ్ళోని ఉన్ని బట్టల మిల్లులో దారం చుట్టే విభాగంలో పనిచేసింది. మిల్లు మూతపడ్డప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఒక పాత ఓవెన్, పిండి కలిపే యంత్రం కొంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయేదాకా తల్లిని చూసుకుంది, ఆ తర్వాత రొట్టెను చూసుకుంది. ఆ ఊళ్ళో సాయంత్రం టీతో రొట్టె లేని ఇల్లు ఉండదు. ఆరు దాటితే వీధి మలుపు దాకా వరస ఉండేది. నేను పన్నెండేళ్ళు ఆ వరసలో నిలబడ్డాను.

బేకరీని చట్టం ప్రకారం వేరే సంస్థగా నమోదు చేయించింది దోన్ ఉబీల్దో. ఆయన మిల్లులో జీతాల గుమాస్తా. మిల్లు పోయాక సగం వీధి కొట్ల పన్ను లెక్కలు ఆయనే రాసేవాడు. కాగితాలు చేతికిచ్చిన రోజున ఎల్సిరాకి ఒక పాఠం చెప్పాడు. నువ్వు మునిగితే బేకరీ ఒడ్డున ఉండాలి, బేకరీ మునిగితే నువ్వు ఒడ్డున ఉండాలి, రెండు పడవల్ని ఒకే తాడుకి కట్టొద్దు అని. చేపలు పట్టే ఊరు కాబట్టి ఆవిడకి ఇంకోసారి చెప్పక్కర్లేకపోయింది.

ఎల్సిరా ఆ మాటను దేవుడి మాటలా పట్టుకుంది. కౌంటర్ కింద రెండు బిస్కెట్ డబ్బాలుండేవి. నీలం డబ్బా బేకరీది, ఎర్ర డబ్బా తనది. ప్రతి శనివారం నీలం డబ్బాలోంచి తన జీతం తీసి, పుస్తకంలో సంతకం పెట్టి, ఎర్ర డబ్బాలో వేసుకునేది. సాయంత్రం తన టీకి కావలసిన రెండు రొట్టెలు కూడా కొనుక్కునేది. తూచేది, ఎర్ర డబ్బాలోంచి చిల్లర తీసి నీలం డబ్బాలో వేసేది, తన పేరు మీదే రసీదు చింపుకునేది. వరసలో ఉన్నవాళ్ళకి అదొక వేడుక.

ఆ వీధిలో అందరికంటే పెద్దావిడ దోన్యా రుదెసిందా. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు కసేరా అనే పిలుచుకునే ఊరది.

“ఏం కసేరా, మీ బేకరీ నీకు అరువు పెట్టదా?” అని అడిగింది ఒకరోజు.

“అరువడిగే మొహం కాదంటోంది కసేరా,” అంది ఎల్సిరా రసీదు మడుస్తూ.

“అయితే మా ఇంటికి రా. మాకందరూ పెడతారు, మేం ఎవరికీ ఇవ్వం.”

నవ్వుకున్నారు. ఆ జోకు కొన్నేళ్ళు నడిచింది.

ఇంత జాగ్రత్త ఉన్న మనిషి తన సొంత కార్డు దగ్గర ఎందుకు అంత తేలిగ్గా ఉందని తర్వాత చాలామంది అడిగారు. అడిగినవాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో ఇంకొకళ్ళ కార్డు మీద కొన్న సామాను ఉంది. తొమేలో కార్డు ఉన్నవాళ్ళని లేనివాళ్ళు అడుగుతారు. నిచ్చెన అడిగినట్టు, పెద్ద గిన్నె అడిగినట్టు అడుగుతారు. లేదనడం మర్యాద కాదు. వాయిదాల ప్రకారం నెలనెలా డబ్బు తెచ్చిచ్చేస్తారు, తేకపోతే వీధిలో తలెత్తుకోలేరు. ఎల్సిరా కార్డు మీద రుదెసిందా కళ్ళజోడు కొనుక్కుంది. నయాదెత్ పిల్లల మంచాలు కొంది. అందరూ తీర్చారు.

తమ్ముడు ఎలియేసెర్ అడిగింది పడవ మోటారు. అతను కొలియూమో రేవులో చేపలు పట్టేవాడు. పాత మోటారు ఇక బాగుపడదన్నారు. కొత్తది ముప్ఫై రెండు లక్షలు. రేవులో పనిచేసేవాళ్ళకి అంత అప్పు బ్యాంకు ఇవ్వదు. ఎల్సిరా బ్యాంకు కార్డు మీద ఇరవై నాలుగు వాయిదాల్లో కొన్నారు. పది నెలల పాటు ఎలియేసెర్ ఐదో తారీఖుకి డబ్బూ, కాగితంలో చుట్టిన రెండు చేపలూ తెచ్చాడు. పదకొండో నెల చేపలే తెచ్చాడు. ఆ తర్వాత అవీ లేవు. సముద్రంలో ఏమీ పడడం లేదని మరదలు ఫోన్లో చెప్పింది. ఎల్సిరా మళ్ళీ అడగలేదు. చేతిలో లేనివాణ్ణి అడిగితే, ఉన్నప్పుడు కూడా రాడని ఆవిడ అనేది.

మిగతా వాయిదాలు తనే కట్టడం మొదలుపెట్టింది. పూర్తిగా కట్టలేక కనీస మొత్తం కట్టింది. అదీ కుదరని నెలలో ఇంకో కార్డు తీసుకుని, దాంతో మొదటిదానికి కట్టింది. దీన్ని అక్కడ సైకిల్ తొక్కడం అంటారు. తొక్కుతున్నంతసేపూ ముందుకు వెళ్తున్నట్టే ఉంటుంది, ఆపితే పడతారు. మూడేళ్ళు తొక్కింది. చలికాలంలో కట్టెలు కొనడం మానేసి, పని అయిపోయాక కూడా ఓవెన్ పక్కనే కూర్చునేది. ఫోను కనెక్షను తీసేయించింది. ఎర్ర డబ్బా అడుగు కనిపించేది.

నీలం డబ్బాలో అప్పుడు కూడా డబ్బుంది. ఒకరోజు నయాదెత్ ఉండబట్టలేక, అందులోంచి ఒక్క నెలకి తీసుకోరాదా, తర్వాత వేసేద్దువుగాని అంది. ఆ డబ్బాలో నీ జీతముంది, పిండి కొట్టువాడి డబ్బుంది, గ్యాసుంది, మా తమ్ముడి మోటారు లేదు అని ఎల్సిరా జవాబు. గొంతు పెంచి కూడా అనలేదు.

ఓవెన్ సంగతి వేరు. అది రెండువేల ఇరవై ఒకటి మే నెలలో, తమ్ముడు ఇంకా నెలనెలా వస్తున్న రోజుల్లో కొన్నది. పాత ఓవెన్ ఒక పక్క మాడ్చి, ఒక పక్క పచ్చిగా వదిలేసేది. ఎల్సిరా బస్సెక్కి, దగ్గర్లో ఉన్న కన్సెప్సియోన్ నగరంలో ఒక పెద్ద సామాన్ల దుకాణానికి వెళ్ళింది. ఓవెన్ ధర డెబ్భై లక్షలకి పైన. ఆ దుకాణం వాళ్ళ కార్డుతో కొంటే నలభై ఎనిమిది లక్షల తొంభై వేలు. ఆ కార్డు మనుషులకే ఇస్తారు, సంస్థలకి ఇవ్వరు. ఎల్సిరా దగ్గర ఆ కార్డుంది. ముప్ఫై ఆరు వాయిదాలు వేయించింది.

కౌంటర్లో అమ్మాయి అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. మామూలు రసీదు ఇమ్మంటారా, సంస్థ పేరు మీద బిల్లు ఇమ్మంటారా అని. బిల్లు కావాలంటే పై అంతస్తులో వేరే వరసలో నిలబడాలి. సంస్థ వివరాలు రాయించుకోవాలి. తొమే బస్సుకి ఇరవై నిమిషాలే ఉంది. పైగా రసీదు తీసుకుంటే పాయింట్లు వస్తాయని, ఇంత పెద్ద కొనుగోలు మీద వచ్చే పాయింట్లకి కరెంటు కెటిల్ ఉచితమని అమ్మాయి చెప్పింది. పన్నెండేళ్ళలో రెండు రొట్టెలకి కూడా కాగితం లేకుండా ఉండని మనిషి, ఆ ఒక్క సాయంత్రం రసీదు చాలంది. కెటిల్ పెట్టె చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

దోన్ ఉబీల్దో నెలాఖరుకి లెక్కలు రాయడానికొచ్చి ఓవెన్ బిల్లు అడిగాడు. రసీదు చూసి నెత్తి గోక్కున్నాడు. బేకరీకి రావలసిన పన్ను మినహాయింపు పోయిందని, నెల తిరక్కముందే వెళ్ళి మార్పించుకోమని చెప్పాడు. వచ్చే వారం వెళ్తానంది ఎల్సిరా. కొత్త ఓవెన్ వచ్చిన నెలలో రొట్టె రెట్టింపు అమ్ముడుపోయింది. నయాదెత్‌ని పనిలో పెట్టుకున్నది అప్పుడే. వచ్చే వారం రాలేదు.

వాయిదాలు మాత్రం మొదటి నుంచీ నీలం డబ్బాలోంచే కట్టింది. ప్రతి నెలా దుకాణం కౌంటర్లో నగదు కట్టి, చీటీ తెచ్చి, తేదీ ప్రకారం గుచ్చి పెట్టింది. ముప్ఫై ఆరో చీటీ రెండువేల ఇరవై నాలుగు ఏప్రిల్‌ది. ఓవెన్ మీద ఎవరికీ ఒక్క పెసో బాకీ లేదు. ముప్ఫై ఆరు చీటీల మీదా ఉన్న పేరు మాత్రం ఎల్సిరా ఒనాతే.

అమీనా వచ్చి వెళ్ళిన మర్నాడు బేకరీ మధ్యాహ్నం దాకా మూసి, ఆవిడ ఉచిత న్యాయ సహాయ కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ మైతే అనే చిన్న లాయరు ఉంది. ఆ అమ్మాయి ఫైలంతా చదివింది. రెండు దార్లున్నాయని చెప్పింది. ఒకటి, ఓవెన్ నా వృత్తి పనిముట్టు, వదిలిపెట్టండని ఎల్సిరా అడగడం. చట్టంలో అలాంటి మినహాయింపు ఉంది కాని ఒక ధర వరకే. ఓవెన్ అది దాటిపోయింది. అయినా అడిగి చూడొచ్చు, కాని అలా అడగాలంటే ముందు ఓవెన్ తనదేనని ఒప్పుకుని రాయాలి. రెండోది, ఈ సామాను మాది, బాకీ పడ్డ మనిషిది కాదని బేకరీయే మూడో మనిషిలా కోర్టుకెక్కడం.

“నాది కానిదాన్ని నాదని ఎట్లా రాస్తానమ్మా?” అంది ఎల్సిరా.

దాంతో ఒక దారి మూసుకుపోయింది. ఎల్సిరా బేకరీ, ఎల్సిరా ఒనాతే బాకీ వ్యవహారంలో అభ్యంతరం దాఖలు చేసింది. ఆ కాగితం కింద బేకరీ తరఫున సంతకం పెట్టినదీ ఎల్సిరా ఒనాతేనే.

ఓవెన్ పేరూ బేకరీ పేరూ ఒకే కాగితం మీద ఎక్కడైనా ఉన్నాయా అని మైతే అడిగింది. ఎల్సిరా రెండు రోజులు ఇల్లంతా వెతికింది. ఫైల్లో లేదు, డబ్బాల్లో లేదు. చివరికి ఓవెన్‌తో వచ్చిన సూచనల పుస్తకంలో దొరికింది. ఓవెన్ దింపిన రోజున డ్రైవరు అందినట్టు సంతకం అడిగితే, చేతులు పిండిగా ఉండి, ఆవిడ కౌంటర్ మీదున్న బేకరీ రబ్బరు ముద్ర కొట్టింది. చీటీ మీద ఓవెన్ నంబరుంది, కింద నీలం సిరాలో ఎల్సిరా బేకరీ అని వంకరగా ముద్ర ఉంది. ఆ వారమంతా ఆవిడ మామూలుకంటే ఎక్కువ మాట్లాడిందని నయాదెత్ చెప్పింది. రుదెసిందాకి ముద్ర కథ రెండుసార్లు చెప్పిందట.

జడ్జి జూన్‌లో తీర్పు ఇచ్చాడు. రెండు పేజీలు. ముద్ర చెప్పేది సామాను ఎవరు అందుకున్నారని, ఎవరిదని కాదు. రసీదు, కార్డు, ముప్ఫై ఆరు చెల్లింపులు, చిరునామా, అన్నీ బాకీ పడ్డ మనిషివే. నీలం డబ్బా గురించి తీర్పులో ఏమీ లేదు. డబ్బాకి రంగు ఉందిగాని కాగితం లేదు. అభ్యంతరం కొట్టేశారు.

దోన్ ఉబీల్దో ఆ రోజు సాయంత్రం వరసంతా అయిపోయేదాకా బయటే నిలబడి, లోపలికి వచ్చాడు. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళు. టోపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

“ఎల్సిరా ఒనాతే తన ఓవెన్‌ని బేకరీకి అమ్మిందని ఒక్క కాగితం,” అన్నాడు. “నాలుగేళ్ళ కిందట రాసుంటే పది నిమిషాల పని. నాకు తట్టలేదు ఎల్సిరా.”

ఇప్పుడు రాస్తేనో అని నయాదెత్ అడిగింది. ఇప్పుడు రాస్తే మోసం అవుతుందని ఆయన చెప్పాడు. ఎల్సిరా ఆయనకి కిలో రొట్టె తూచి ఇచ్చింది. ఆయన చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు. రసీదు తీసుకున్నాడు.

లారీ శుక్రవారం వస్తుందని కబురొచ్చింది. బుధవారం మధ్యాహ్నం, కొట్టు ఖాళీగా ఉన్న వేళ, ఎలియేసెర్ ఒక అరువు ట్రక్కు వేసుకుని వచ్చాడు. అక్క వీధిలోకి అతను వచ్చి మూడేళ్ళు దాటింది. సన్నబడ్డాడు. గుమ్మంలోనే నిలబడి, లోపలికి రమ్మనేదాకా రాలేదు.

“ఓవెన్ ఎక్కించేద్దాం అక్కా,” అన్నాడు. “రేవులో వలల కొట్టంలో పెడతాను. ఎవడొచ్చి అక్కడ వెతుకుతాడు? వాళ్ళొస్తే దొంగలెత్తుకుపోయారని చెప్పు.”

“నేను చూసుకుంటానని సంతకం పెట్టాను.”

“సంతకానిదేముంది.”

“నాకు ఉన్నది అదొక్కటేరా.”

ఎలియేసెర్ బల్ల మీద కూర్చున్నాడు. అమీనా కూర్చున్న చోటే. నయాదెత్ వెనక గదిలోకి వెళ్ళిపోబోతే ఎల్సిరా ఉండమంది. పోనీ మోటారు అమ్మేద్దామా, ఎంతొస్తే అంత కట్టొచ్చు కదా అని ఎల్సిరాయే మెల్లిగా అడిగింది. అడిగి, వద్దులే, అది అమ్మితే నువ్వేం తింటావు అని తనే జవాబు చెప్పుకుంది.

“మోటారు లేదక్కా,” అన్నాడు ఎలియేసెర్. “కొన్న రెండో చలికాలంలోనే అమ్మేశాను. పిల్లదానికి ఆపరేషను. నీకు చెప్తే డబ్బు నువ్వే ఇస్తానంటావని చెప్పలేదు.”

అంటే ఎల్సిరా సైకిల్ తొక్కిన మూడేళ్ళలో ఎక్కువ భాగం, లేని మోటారుకి కట్టింది. నయాదెత్ అప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయానంది. ఎల్సిరా చేతులు ఏప్రానుకి తుడుచుకుంది. అలమరాలోంచి కిలో రొట్టె తీసి తూచి, కాగితం సంచీలో వేసింది. ఎర్ర డబ్బా తీసింది. అందులోంచి రెండువేల రెండు వందల పెసోలు లెక్కపెట్టి నీలం డబ్బాలో వేసింది. రసీదు చింపింది. సంచీ తమ్ముడి చేతిలో పెట్టింది.

“పిల్లది బాగుందా ఇప్పుడు?”

“బాగానే ఉంది.”

“అయితే సరే. పో, చీకటి పడకముందే ట్రక్కు ఇచ్చెయ్యి.”

శుక్రవారం లారీ తొమ్మిదింటికి వచ్చింది. అమీనాతోపాటు ఇద్దరు పోలీసులు, నలుగురు మోతగాళ్ళు. ఎల్సిరా ఆ రోజు మొదటి వాయి కాల్చి, ఓవెన్ ఆర్పేసి, చల్లారాక లోపలంతా తడిగుడ్డతో తుడిచి పెట్టింది. గ్యాసు గొట్టం విప్పడానికి మోతగాళ్ళకి సరైన పానా దొరకలేదు. పక్కింట్లో అడిగి ఎల్సిరాయే తెచ్చిచ్చింది. తలుపు ఇరుకైంది. నాలుగేళ్ళ కిందట ఓవెన్ లోపలికి వచ్చినప్పుడు చట్రం ఒక పక్క ఊడదీశారని ఆవిడ గుర్తు చేసింది. మళ్ళీ ఊడదీశారు. ముప్పావు గంట పట్టింది. కెటిల్‌లో నీళ్ళు కాచి ఆరుగురికీ టీ ఇచ్చింది. అమీనా ఒద్దన్నాడు.

వీధిలో ఇరవైమంది దాకా నిలబడ్డారు. ఎవరూ కేకలెయ్యలేదు. రుదెసిందా మాత్రం పోలీసుల్లో చిన్నవాడి దగ్గరికి వెళ్ళి, సాయంత్రం మీ అమ్మ టీకి రొట్టె ఎక్కణ్ణుంచి తెస్తావు నాన్నా, లారీలోంచా అని అడిగింది. అతను నేల చూశాడు. అతని ఇల్లూ ఆ కొండ మీదే.

లారీ వెళ్ళాక లోపల పిండి కలిపే యంత్రం, తూకం, అలమరా, ట్రేలు, గడియారం ఉన్నాయి. అన్నిటికీ బిల్లులున్నాయి. ఓవెన్ ఉన్న చోట నేల మీద నలుచదరంగా పలకలు కొత్తగా కనిపించాయి.

ఓవెన్ వేలంలో ఏడు లక్షల నలభై వేలకి పోయింది. లారీ, గిడ్డంగి, వేలంపాట ఖర్చులు పోను బాకీలో జమ అయింది మూడు లక్షల తొంభై వేలు. అప్పటికి వడ్డీ దానికంటే ఎక్కువ పెరిగింది.

ఇంకో ఓవెన్ కొనడానికి దోన్ ఉబీల్దో బేకరీ పేరు మీద అప్పు కోసం రెండు బ్యాంకులు తిరిగాడు. బేకరీ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా అప్పు చెయ్యలేదు కాబట్టి, ఆ సంస్థ ఎలాంటిదో తమకి తెలియదని రెండు చోట్లా చెప్పారు. యజమాని పూచీ ఉంటే చూస్తామన్నారు. యజమాని పేరు బాకీదారుల జాబితాలో ఉంది.

ఓవెన్ లేని కొట్టుకి అద్దె, జీతం మీద పడుతున్నాయి. ఎల్సిరా ఆగస్టులో యంత్రాన్నీ మిగతా సామాన్నీ ఇంకో బేకరీకి అమ్మేసింది. ఆ డబ్బు, నీలం డబ్బాలో ఉన్నది కలిపి పిండి కొట్టుకి, గ్యాసుకి, అద్దెకి, నయాదెత్‌కి నాలుగేళ్ళ లెక్క ప్రకారం రావలసిన మొత్తానికి సరిపోయాయి. నయాదెత్ కొంత వద్దని వెనక్కి ఇవ్వబోతే, అది నాది కాదు, నేను తీసుకోకూడదు అంది ఎల్సిరా.

ఇప్పుడు ఎల్సిరా కన్సెప్సియోన్‌లో ఒక సూపర్‌మార్కెట్ రొట్టెల విభాగంలో పనిచేస్తోంది. పొద్దున ఆరింటి బస్సుకి వెళ్తుంది. అక్కడ పిండి ముద్దలు గడ్డకట్టి అట్టపెట్టెల్లో వస్తాయి. ట్రేలో సర్ది మీట నొక్కాలి. జీతంలోంచి కొంత బ్యాంకుకి వెళ్తుంది. సాయంత్రం టీకి రెండు రొట్టెలు అక్కడే కొనుక్కుని, రసీదు అడిగి తీసుకుంటుంది. ఎలియేసెర్ అప్పుడప్పుడు చేపలు తెస్తున్నాడు.

బేకరీని మూసెయ్యమని దోన్ ఉబీల్దో రెండుసార్లు చెప్పి చూశాడు. సంస్థ పుస్తకాల్లో ఉన్నంతకాలం ప్రతి నెలా ప్రభుత్వానికి లెక్క పంపాలి.

“దానికేం అప్పులున్నాయని మూసెయ్యాలి?” అంది ఎల్సిరా.

అందుకని ఆయన ప్రతి నెలా పన్నెండో తారీఖున, పైసా తీసుకోకుండా, ఎల్సిరా బేకరీ లెక్క పంపుతున్నాడు. కిందటి నెలది నేను చూశాను. బాకీలు: సున్నా. అమ్మకాలు: సున్నా.